సరుగుడు తోపులో నేనెక్కని సైకిల్

కాలవ లాకుల పక్కన కాపురమంటే దెయ్యాల కథలకు కరువుండదు. కాలవలో కాలు జారి పోయినవాళ్ళు, పడవ తిరగబడి పోయినవాళ్ళు అమావాస్య నాడు లాకుల తలుపుల మీద వరసగా కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటారని మా దగ్గర చెప్పుకునేవారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నేనా తలుపుల పక్కనే బిందెలు ముంచాను, గిన్నెలు తోమాను, బట్టలు ఉతికాను. ఒక్కరినీ చూడలేదు. నమ్మనూ లేదు. సందెవేళ దీపం పెట్టి, ఆ రోజుకు దేవుడిచ్చినదానికి దణ్ణం పెట్టుకుని పడుకుంటే తెల్లారేదాకా మెలకువ వచ్చేది కాదు. దేవుణ్ణి నమ్మినదానికి దెయ్యాలతో పనేంటి? అప్పుడూ అదే నా మాట, ఇప్పుడూ అదే.

అందుకని దీన్ని దెయ్యం కథ అనుకుని చదవొద్దు. మా ఆయనకూ నాకూ ఒక కార్తీక పౌర్ణమి పొద్దున జరిగిన సంగతి ఇది. జరిగినది జరిగినట్టు రాస్తాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. రేపల్లెలో మా నాన్న ఇంట్లోనే ఇసక పరిచి అక్షరాలు దిద్దించాడు. కాబట్టి రాతలో తప్పులుంటే మన్నించండి. సంగతిలో మాత్రం తప్పు లేదు.

మా ఆయన లస్కరు. అంటే కాలవ కట్ట వెంట తిరుగుతూ గండ్లు పడకుండా, ఎవరూ దొంగతనంగా తూములు ఎత్తకుండా, నీళ్ళు ఆఖరి పొలం దాకా అందేట్టు చూసుకునే ఉద్యోగం. తెనాలి దిగువన, అమృతలూరు దాటాక మా లాకులు. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆయన సైకిల్ వేసుకుని కట్ట వెంట వెళ్ళి రావాలి.

కట్ట మీద సైకిల్ తొక్కడం రోడ్డు మీద తొక్కినట్టు కాదు. లాకుల దగ్గర జీపు వచ్చి తిరిగే మేరకు ఎర్ర గ్రావెల్ పోసి ఉండేది. ఎండాకాలం ఆ గుండ్రాళ్ళు చక్రం కింద జారేవి, ఎగిరి మడ్‌గార్డుకు తగిలి టింగుమనేవి. గ్రావెల్ దాటితే నల్లమట్టి. వాన పడిందంటే ఆ మట్టి మడ్‌గార్డులోకి దూరి చక్రం బిగుసుకుపోయేది. పుల్లతో గీకి నాలుగు గజాలు వెళ్ళడం, మళ్ళీ దిగి గీకడం. అయినా ఆయనకా బాటంటే ప్రాణం. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పైరు, మధ్యలో తానూ సైకిలూ.

నా పెళ్ళి అరవైల చివర్లో జరిగింది. అప్పటికే నాకు అమ్మ లేదు. అత్తగారంటే ఎలా ఉంటుందోనని బెదురుతూ వచ్చాను. మొగుడితో ఎలా మసలుకోవాలో అందరి అత్తలూ చెబుతారు, మా అత్తయ్య సైకిల్ ఎలా ఎక్కాలో చెప్పింది. వచ్చిన వారంలోనే నన్ను కట్ట మీదికి లాక్కెళ్ళి, కొడుకును సైకిల్ మీద కూర్చోబెట్టి, నా వెనక నిలబడింది.

"ఎగిరి కూర్చో అమ్మాయ్. ఆలోచించావంటే కాలవలో పడతావు."

"భయమేస్తోంది అత్తయ్యా."

"వాణ్ణి కట్టుకోడానికే భయపడలేదు, వాడి సైకిల్‌కి భయమేంటే?"

మా ఆయన తల దించుకుని నవ్వుకోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ సైకిల్ ఎక్కడంలో ఒక పద్ధతి ఉండేది. ఇది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. కట్ట ఎత్తెక్కేచోటా, ఇసక మేట వేసినచోటా, ఎదురుగా పెద్దవాళ్ళు వచ్చినప్పుడూ వెనక కూర్చున్న ఆడది చప్పుడు చెయ్యకుండా దిగిపోవాలి. ఆయన ఆగరు. ఆగితే ఇసకలో మళ్ళీ ఊపందుకోవడం కష్టం. మెల్లగా తొక్కుకుంటూ ఆ జాగా దాటించి, రెండుసార్లు బెల్లు కొడతారు. మనం నాలుగడుగులు పరుగెత్తి క్యారేజీ మీదికి ఎగిరి కూర్చోవాలి. వెనక చక్రం కుంగితే మనిషి ఎక్కినట్టు. ఆయన జోరుగా తొక్కుతారు. వెనక్కి తిరిగి చూడడమనేది లేదు. చూస్తే సైకిల్ తూలుతుంది. ఒకాయన ఇలాగే పెళ్ళాం ఎక్కిందనుకుని తెనాలి దాకా తొక్కుకుపోయి, ఆస్పత్రి ముందు ఆగి "దిగవే" అన్నాడని మా వైపు చెప్పుకుని నవ్వేవారు. మా ఊళ్ళో వాళ్ళు ఆయనది మా పక్క ఊరనేవారు. పక్క ఊరివాళ్ళు మా ఊరేననేవారు.

అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేది. కానీ కొడుకు సైకిల్ ఎక్కిందంటే రాణీగారే. తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా, ఊరికే సాయంత్రం కట్ట మీద తిప్పినా ఆ మొహం వెలిగిపోయేది. దారిలో కనిపించిన వాళ్ళందరినీ పలకరించేది.

"ఏమ్మా పెద్దమ్మా, ఈ వయసులో షికార్లా?" అనేవారు గడ్డి కోసే ఆడవాళ్ళు.

"కట్టుకున్న మావ ఎక్కించుకుని తిరగలేదే. కొడుకన్నా తిప్పుతున్నాడు, చూసి ఏడవండి!" అనేది.

మధ్యాహ్నం పూట నేను పురాణం చదువుతుంటే గుమ్మంలో కూర్చుని వినేది. వింటూ వింటూ కాలవ కేసి చూస్తూ ఒకే మాట అడిగేది.

"ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయే?"

"సముద్రంలోకి అత్తయ్యా."

"పుట్టిన కాణ్ణుంచీ ఈ నీళ్ళని సాగనంపుతున్నాను. అవి చేరే చోటు చూడకుండానే పోతానేమో."

ఆవిడ పుట్టిల్లూ కాలవ గట్టే, మెట్టినిల్లూ కాలవ గట్టే. సముద్రం ఎప్పుడూ చూడలేదు. కార్తీక పౌర్ణమికి మా వైపు జనమంతా సూర్యలంక వెళ్ళి సముద్ర స్నానం చేస్తారు. బళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళు, నడిచి వెళ్ళేవాళ్ళు మా లాకుల మీదుగానే పోయేవాళ్ళు. అత్తయ్య గుమ్మంలో కూర్చుని వాళ్ళని చూసేది. వెళ్ళాలని అడిగేది కూడా.

"వచ్చే కార్తీకానికి తప్పకుండా తీసుకెళ్తానమ్మా, సైకిల్ మీదే" అనేవారు మా ఆయన. అబద్ధం ఆడలేదు. నిజంగానే అనుకునేవారు. కానీ కార్తీకం వచ్చేసరికి వరి కంకి పాలు పోసుకుంటూ ఉంటుంది. ఆఖరి తడికి నీళ్ళు కావాలి. దిగువ రైతులు కర్రలు పట్టుకుని వచ్చి మా వాకిట్లో కూర్చునేవారు. లస్కరు కట్ట వదిలి కదిలే రోజులు కావవి. అలా ఒక్కో కార్తీకమూ వెళ్ళిపోయింది.

ఒక శ్రావణంలో అత్తయ్యకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. ఆఖరి రోజున నేను నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే కళ్ళు తెరిచి, "ఈ ఏడు కార్తీకం ఎప్పుడొచ్చిందే?" అంది. దగ్గర్లోనే ఉందన్నాను. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన ఆ మాట విన్నారు. ఆ పొద్దు వాలకముందే అత్తయ్య వెళ్ళిపోయింది.

ఆయన ఏడవలేదు. కర్మకాండ అంతా సవ్యంగా చేశారు, బంధువులకు భోజనాలు పెట్టారు, పన్నెండోనాడు సైకిల్ వేసుకుని కట్ట మీదికి వెళ్ళారు. ఆ తర్వాత అమ్మ అనే మాట ఆయన నోట రాలేదు. నేనే తీస్తే లేచి వెళ్ళిపోయేవారు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవారు. ఒక ఇంట్లో ఉంటూ ఒకే మనిషి కోసం ఇద్దరం చెరో మూలా బెంగపడుతున్నాం. నాకు తల్లి లాంటి మనిషి పోయింది, ఆ దుఃఖం చెప్పుకోడానికి ఆయన తప్ప నాకెవరున్నారు? ఆయనేమో నోరు విప్పరు. ఈ మనిషి ఒక్కసారి ఏడిస్తే చాలు తండ్రీ అని రోజూ దీపం ముందు అడిగేదాన్ని.

ఏడాది తిరిగేదాకా యాత్రలు కూడవు కదా. సంవత్సరీకం అయ్యాక వచ్చిన కార్తీకంలో, పౌర్ణమికి రెండు రోజుల ముందు, ఆయన ఉన్నట్టుండి, "సూర్యలంక వెళ్దామా?" అన్నారు. పక్క బీటు లస్కరుకు కాలవ అప్పజెప్పి వచ్చానన్నారు. ఎందుకని నేనడగలేదు.

పౌర్ణమి ముందు రోజు కట్టల మీదుగానే బాపట్ల చేరాం. అక్కడ మా పిన్ని ఇంట్లో పడుకుని, తెలతెలవారుతుండగా సూర్యలంకకు బయల్దేరాం. రోడ్డంతా బళ్ళు, జనం. బెల్లు కొట్టినా ఎవరూ తప్పుకోవడం లేదు. అందుకని ఆయన రోడ్డు దిగి సరుగుడు తోపులోని కాలిబాట పట్టారు.

ఆ తోపు ఎంత బావుండేదో చెప్పలేను. నిటారుగా చెట్లు, కింద మెత్తగా రాలిన సరుగుడాకు, దాని మీద చక్రం వెళ్తుంటే చప్పుడే ఉండదు. ఇంకా కనబడని సముద్రం హోరు ఒకటి, పైన చెట్ల హోరు ఒకటి. ఏది ఏదో తెలియదు. అక్కడక్కడా నడిచి వెళ్ళేవాళ్ళున్నారు.

కొంత దూరం వెళ్ళాక ఇసక మేట వచ్చింది. నేను మామూలుగా దిగిపోయాను. ఆయన మెల్లగా తొక్కుకుంటూ ముందుకు పోతున్నారు. నా ఒళ్ళో ఉన్న సంచిలో పొడి బట్టలు, అరటి దొప్పలు, వత్తులు, దీపాలకని తెచ్చిన ఉసిరికాయలు. దిగే అదురుకు సంచి చెవి తెగింది. ఉసిరికాయలు ఇసకలో దొర్లిపోయాయి. వంగి ఏరుకుంటున్నాను. బెల్లు రెండుసార్లు మోగింది. వస్తున్నానండీ అంటూనే ఉన్నాను. తలెత్తేసరికి సైకిల్ జోరుగా వెళ్ళిపోతోంది.

"ఏవండీ! ఏవండోయ్!" అని అరిచాను.

ముందు నడుస్తున్న ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, మా ఆయన తప్ప. పేరు పెట్టి పిలిస్తే వినపడేదేమో. అంతమందిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. పక్కన పోతున్న ఒక నడివయసు ఆవిడ నన్ను చూసి పకపకా నవ్వింది.

"ఏంటమ్మా, మీ ఆయన నిన్ను పారేసుకున్నాడా?"

"అవునండి" అన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పోన్లే, సముద్రం దాటి పోడుగా. నడువు" అంది.

ఇక్కడ నేను ఒట్టేసి చెప్పే మాట ఒకటుంది. బాట మలుపు తిరిగేదాకా ఆయన తెల్లచొక్కా వీపు నాకు స్పష్టంగా కనిపించింది. క్యారేజీ మీద మనిషి కూర్చుంటే వెనక నుంచి చూసేవాళ్ళకి తొక్కేవాళ్ళ వీపు కనబడదు. నాకు కనబడింది. ఆయన వెనక ఎవరూ లేరు.

చక్రం చార పట్టుకుని నడిచాను. రాత్రి మంచుకు ఇసక పైపైన తడిసి ఉంది. ముందు చక్రం చార సన్నగా ఉంది, దాని మీదే పడ్డ వెనక చక్రం చార లోతుగా దిగబడి ఉంది. కట్ట మీద చక్రాల చారలు చూసి చూసి నా కళ్ళకు అలవాటు. ఒంటి మనిషి వెళ్ళిన చార వేరు, వెనక బరువున్న చార వేరు. అయినా అప్పుడు దాని గురించి ఆలోచించలేదు. ఇసక కదా, దిగబడిందనుకున్నాను. నా మనసంతా ఆయనకేం చీవాట్లు పెట్టాలా అన్నదాని మీదే ఉంది.

తోపు దాటేసరికి ఒక్కసారిగా సముద్రం. పొద్దు అప్పుడే పైకి వస్తోంది. ఒక సాయిబు గారు తాళ్ళు కట్టి సైకిల్ స్టాండు నడుపుతున్నారు. దాని పక్కన మా ఆయన నిలబడి, ఆడవాళ్ళు మునిగే వైపు చూస్తున్నారు. నేను వెనక నుంచి వెళ్ళాను.

"బావుందండీ! పెళ్ళాన్ని నడిదారిలో వదిలేసి వచ్చి సముద్రం చూస్తున్నారా?"

ఉలిక్కిపడి తిరిగారు. నన్ను కిందికీ మీదికీ చూశారు. నా చీర తడవలేదేమిటా అని చూశారట.

"నువ్వు నీళ్ళ వైపు వెళ్ళలేదా?"

"ఇప్పుడే వస్తుంటే నీళ్ళ వైపెక్కడికి? ఇసక దగ్గర దిగినదాన్ని దిగినట్టే ఉన్నాను. అరిచినా వినిపించుకోలేదు మీరు."

"ఇక్కడ దిగావు కదా!"

"ఎక్కితేగా దిగడానికి!"

ఆయన మొహంలో రంగు పోయింది. వేళాకోళం కాదని నాకప్పుడు తెలిసింది. ఆయన స్టాండు వైపు తిరిగి, "ఏమండీ, నేను వచ్చినప్పుడు నా వెనక ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు.

సాయిబు గారు ఇంకెవరి సైకిల్‌కో తాడు కడుతూ తలెత్తకుండానే, "ఉన్నారుగా బాబూ, పెద్దావిడ. దిగి అటు నీళ్ళ కాడికి పోయారు. మీ అమ్మగారు కాదా ఏంటి?" అన్నారు.

"మొహం చూశారా?" అన్నాను నేను.

"ఇన్ని సైకిళ్ళమ్మా, మొహాలెక్కడ చూస్తాను? ముసలామె అయినా భలే నడకలే. చకచకా పోయింది."

మేమిద్దరం నీళ్ళ వైపు చూశాం. అక్కడ వందల మంది ఆడవాళ్ళు. అందులో పెద్దవాళ్ళు ఎంతమందో. ఆయన ఆ గుంపు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచారు. నేనూ వెనకే నడిచాను. ఎవరి కోసం వెతుకుతున్నామో ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు.

తర్వాత ఇసకలో కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పారు. బెల్లు కొట్టాక వెనక చక్రం కుంగిందట. "ఎక్కావా?" అంటే "ఊ" అని వినిపించిందట. తేలిగ్గా అనిపించి, ఈ మధ్య నేను చిక్కిపోయాననుకున్నారట.

"దారిలో నీతో మాట్లాడుతూనే వచ్చాను. నీతోనే అనుకున్నాను" అన్నారు.

"ఏం మాట్లాడారు?"

వేలితో ఇసక గీస్తూ చెప్పారు.

"అమ్మ గురించి. ఒక్క రోజు పక్క బీటు వాడికి అప్పజెప్పి ఉంటే సరిపోయేది. మొన్న అడిగితే సరేనన్నాడు. అప్పుడడిగినా అనేవాడే. అడగడానికి నామోషీ అనిపించింది నాకు. నేను లేకపోతే కాలవ ఆగిపోతుందనుకున్నాను. అమ్మ నా మీద కోపంతోనే పోయిందేమో అన్నాను."

"అలా అంటే ఏమైంది?"

"వీపు మీద చెయ్యి వేశావు. వేసి, రెండుసార్లు తట్టావు."

పగటి పూట నలుగురూ నడిచే దారిలో మొగుడి వీపు మీద చెయ్యి వేసే ధైర్యం మా కాలపు ఆడవాళ్ళకెక్కడిది? సీటు కింద స్ప్రింగులు పట్టుకుని, ఆయన చొక్కా కూడా తగలకుండా కూర్చోవడమే మాకు తెలుసు. ఆయనకూ అదే వింతగా తోచిందట.

"ఇవాళ ఇంత చొరవేంటీ అనుకున్నాను. సిగ్గేసింది. అందుకే వెనక్కి చూడలేదు" అన్నారు.

అత్తయ్య సంగతి చెప్పాలి ఇక్కడ. ఆవిడ ఎప్పుడూ స్ప్రింగులు పట్టుకునేది కాదు. కొడుకు వీపు మీద, రెండు రెక్కల మధ్య అరచెయ్యి ఆనించి కూర్చునేది. కన్నతల్లికి సిగ్గెందుకు? గతుకు వస్తే రెండుసార్లు తట్టేది, మెల్లగా పోనివ్వమని. ఆ సంగతి ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఆ మాట ముందు ఎవరం అంటామా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆయన లేచి చొక్కా తీసి నాకిచ్చి సముద్రంలోకి దిగారు. నడుం లోతుకు వెళ్ళి నిలబడ్డారు. అలలు మీద పడుతుంటే భుజాలు కదలడం ఒడ్డు నుంచి చూశాను. గొంతు నాకు వినపడలేదు. ఏడాదికి పైగా నేను అడుగుతున్నది దేవుడు ఆ పొద్దున ఇచ్చాడు. నేనూ మునిగి, ఇసకలో చిన్న గుంట తీసి గాలికి అడ్డం కూర్చుని ఉసిరికాయ మీద దీపం వెలిగించి దణ్ణం పెట్టుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బాపట్ల దాకా అమ్మ కబుర్లే చెప్పారు. చిన్నప్పుడు కాలవలో ఈత నేర్పడానికి అత్తయ్య ఆయన్ని ఎలా తోసేసిందో, తోసేసి తనకే భయం వేసి ఎలా కేకలు పెట్టిందో చెబుతూ నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అత్తయ్య మళ్ళీ మాటల్లోకి వచ్చింది.

ఇన్నేళ్ళూ దీన్ని చాలాసార్లు తిప్పి తిప్పి చూశాను. పౌర్ణమి యాత్రకు వచ్చిన ఏ పెద్దావిడో నడవలేక, సైకిల్ మెల్లగా పోతుంటే ఎక్కేసి ఉండవచ్చు. తెలియని కుర్రాడు తల్లి గురించి బాధపడుతుంటే వీపు తట్టి ఉండవచ్చు. అంతటి మంచి మనుషులు మా వైపు ఉన్నారు. మరైతే నాకు ఆయన వీపు ఎలా కనబడింది? ఆయన బరువు లేదన్నారు, చార లోతుగా ఉంది. నడవలేక ఎక్కిన మనిషి చకచకా ఎలా పోయింది? ఒకదానికి సమాధానం చెప్పుకుంటే ఇంకోటి అడ్డం వస్తుంది. మా పిన్ని, "మీ అత్తే, సందేహమేంటి?" అంది. మా నాన్న, "ఎండదెబ్బ" అన్నాడు, తెల్లవారుజామున ఎండెక్కడిదో మరి. నాకు మాత్రం తెలియదు. ఎవరైనా సరే, ఆవిడకు రోజూ ఒక నమస్కారం పెట్టుకుంటాను.

ఒక్క మాట దాచకుండా చెబుతాను. నాకు భయం వెయ్యలేదు. వెలితిగా అనిపించింది. ఆవిడ కొడుకు కోసం వచ్చిందంటే న్యాయమే. కానీ నాకు తల దువ్విందీ, సైకిల్ ఎక్కడం నేర్పిందీ ఆవిడే. అంత దగ్గరికి వచ్చి, ఉసిరికాయలు ఏరుకుంటున్న నన్ను ఒక్కసారి పలకరిస్తే ఏం పోయేది?

అందుకని ఆ తర్వాత ప్రతి కార్తీకమూ సూర్యలంక వెళ్ళినప్పుడు ఆ ఇసక మేట దగ్గర దిగి, నేను కావాలనే వెనకబడేదాన్ని. బెల్లు మోగినా తొందరపడేదాన్ని కాదు. చెట్ల హోరు వింటూ నిలబడేదాన్ని. ఏదీ జరగలేదు.

ఆ మధ్య వచ్చిన పెద్ద తుఫానుకు ఆ తోపంతా పడిపోయింది. మా లాకుల ఇంటి కప్పూ పోయింది, ప్రాణాలతో మిగిలాం, అదే పదివేలు. నిరుడు వెళ్తే అక్కడ మోకాలెత్తు సరుగుడు మొక్కలున్నాయి. నీడ లేదు, హోరు లేదు. ఇసక మేట దగ్గర నిలబడితే సముద్రం తిన్నగా కనిపిస్తోంది. నేను దిగాను, అలవాటుగా వెనకబడ్డాను.

ఆయన బెల్లు కొట్టలేదు. కాస్త దూరంలో ఒక కాలు నేల మీద ఆనించి, సైకిల్ ఆపి, వెనక్కి తిరిగి చూస్తున్నారు. నా వైపే అనుకున్నాను. కాదు. నాకూ ఆయనకూ మధ్య ఉన్న ఖాళీ ఇసక కేసి చూస్తున్నారు. ఎన్నేళ్ళ నుంచి అలా ఆగి చూస్తున్నారో, చెట్లు అడ్డం ఉండి నాకు తెలియలేదు.

నేనూ అటే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.